ట్యూబ్ ఆంప్‌లో మంచి ఓవర్‌డ్రైవ్ కావాలంటే: బెంగళూరు గిటారిస్టులు తరచుగా అడిగే ప్రశ్నలు

పగలు ఆఫీసు, రాత్రి గిటారు. బెంగళూరులో ఇలా బతుకుతున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మారతహళ్లిలో ఉన్నా మల్లేశ్వరంలో ఉన్నా అందరి గోడూ ఒకటే: ఆంప్ (గిటారు శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) మంచిదే, కానీ అది నిజంగా పలికే చోటిదాకా వాల్యూమ్ తిప్పే వీలు లేదు. తిప్పితే పక్క ఫ్లాట్‌వాళ్లు బెల్లు కొడతారు, తిప్పకపోతే టోన్ చప్పగా ఉంటుంది. ట్యూబ్‌కి (గాజు వాల్వుకి) దాని హద్దు దాటేంత సిగ్నల్ పంపినప్పుడు పుట్టే గరగర శబ్దమే ఓవర్‌డ్రైవ్. కింది జవాబులన్నీ ఈ చిక్కు చుట్టూనే తిరుగుతాయి.

ఓవర్‌డ్రైవ్ అయినప్పుడు ట్యూబ్ లోపల ఏం జరుగుతుంది?

పికప్ (తీగల కదలికని కరెంటుగా మార్చే భాగం) నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, వోల్టులో పదో వంతు అటూ ఇటూ. ప్రీఆంప్‌లో (సిగ్నల్‌ని మొదట పెంచే భాగంలో) ఉండే 12ఏఎక్స్7 ట్యూబ్ దాన్ని ఒక్కో స్టేజీలో యాభై, అరవై రెట్లు పెంచుతుంది. రెండో స్టేజీకి చేరేసరికి సిగ్నల్ ఆ ట్యూబ్ హద్దు దాటిపోతుంది. ఒకవైపు గ్రిడ్ (ట్యూబ్‌లో సిగ్నల్ అందుకునే తీగ వల) కరెంటు లాగడం మొదలుపెట్టడంతో అల మెత్తగా నొక్కుకుపోతుంది. రెండోవైపు ట్యూబ్‌లో కరెంటు పూర్తిగా ఆగిపోయి అల తెగుతుంది. రెండు వైపులా ఒకేలా తెగదు కాబట్టి రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు పౌనఃపున్యం ఉన్న స్వరం) పుడుతుంది. అంటే మీరు స మీటితే దాని వెనకే పై స కూడా సన్నగా పలుకుతుంది. ‘వెచ్చని టోన్’ అని అందరూ మురిసిపోయేదాంట్లో చాలా భాగం ఇదే.

స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబుల కథ వేరు. పుష్-పుల్ ఆంపుల్లో రెండు ట్యూబులు ఎదురెదురుగా పని చేస్తాయి. అక్కడ పుట్టే సరి సంఖ్య హార్మోనిక్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మూడు, ఐదు లాంటి బేసివి మిగులుతాయి. శబ్దం గట్టిగా, కొరికినట్టు ఉంటుంది. దానికి తోడు రెక్టిఫైయర్ (ఏసీ కరెంటుని డీసీగా మార్చే భాగం) కూడా ట్యూబే అయితే, గట్టిగా మీటినప్పుడు లోపలి వోల్టేజీ కాస్త కిందికి దిగి మళ్లీ లేస్తుంది. నోట్ ఒక్క క్షణం కుంగి ఉబికినట్టు వేలికి తెలుస్తుంది. 5వై3 రెక్టిఫైయర్‌లో ఈ కుంగుడు ఎక్కువ, జీజెడ్34లో తక్కువ, డయోడ్లలో దాదాపు ఉండదు.

అయితే పవర్ ట్యూబులు తెగితేనే అసలు టోన్ అనే మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. మంచి ప్రీఆంపూ, సరైన స్పీకరూ ఉంటే ఇంట్లో వాయించుకునే స్థాయిలో సంతృప్తికరమైన ఓవర్‌డ్రైవ్ వస్తుంది.

మాది 2బీహెచ్‌కే ఫ్లాట్. ఎన్ని వాట్ల ఆంప్ కొనాలి?

ముందు లెక్క చూడండి. చాలా గిటార్ స్పీకర్లు ఒక్క వాటు ఇస్తే, ఒక మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ వినిపిస్తాయి. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్సే పరిమితి. అంటే ఒక్క వాటు ఆంప్‌ని పూర్తిగా తిప్పినా గది దద్దరిల్లుతుంది. ‘5 వాట్లే కదా, బెడ్‌రూమ్‌కి సరిపోతుంది’ అని కొన్నవాళ్లంతా మొదటి రోజే ఖంగు తింటారు.

పైగా వాట్లకూ చెవికీ నేరుగా లెక్క కుదరదు. వాట్లు సగం చేస్తే తగ్గేది 3 డెసిబెల్సే. చెవికి సగం అనిపించాలంటే వాట్లు పదో వంతుకు దిగాలి. 100 వాట్ల ఆంప్ మీద ‘50 వాట్ల స్విచ్ ఉంది, ఇంట్లో వాడుకోవచ్చు’ అని అమ్మేవాళ్లు చెబితే నవ్వి ఊరుకోండి.

కాబట్టి వాట్ల కన్నా ముందు రెండు విషయాలు చూడండి: మాస్టర్ వాల్యూమ్ (ప్రీఆంప్ తర్వాత మొత్తం శబ్దాన్ని సర్దే నాబ్) తగ్గించినప్పుడు టోన్ ఎంతవరకు నిలబడుతుంది, పవర్‌ని నిజంగా కిందికి దించే స్విచ్ ఉందా. మార్షల్ ఆరిజిన్ 20లో 20, 3, 0.5 వాట్లు ఉంటాయి. మార్షల్‌దే డీఎస్ఎల్5సీఆర్‌లో 5, 0.5. బుగేరా వి5 అయితే 0.1 వాటుదాకా దిగుతుంది. వాక్స్ ఏసీ15, ఫెండర్ బ్లూస్ జూనియర్ రెండూ 15 వాట్లవే, రెండింట్లోనూ మాస్టర్ ఉంది, కానీ పవర్ తగ్గించే స్విచ్ లేదు. ఇండిపెండెంట్ ఇల్లో, జామ్ రూమో ఉన్నవాళ్లకి ఈ రెండూ భేష్. గోడకి గోడ ఆనుకున్న అపార్ట్‌మెంటులో ఉంటే మొదటి మూడింటి వైపు చూడండి.

5 వాట్లు డ్రమ్మర్ పక్కన వినిపిస్తాయా?

ఓవర్‌డ్రైవ్‌లో అయితే సర్దుకోవచ్చు, ముందు మైక్ పెడితే ఇంకా సులువు. క్లీన్ (తెగని, శుభ్రమైన శబ్దం) కావాలంటే మాత్రం కష్టం. బ్యాండ్‌తో వాయించేవాళ్లు 15 వాట్ల కన్నా కిందికి పోవద్దు.

ఈఎల్84, 6వి6, ఈఎల్34, 6ఎల్6: వీటిలో ఏది ఓవర్‌డ్రైవ్‌కి మంచిది?

ఇవన్నీ పవర్ ట్యూబుల రకాలు. ట్యూబ్ పేరు చూసి ఆంప్ కొనకండి. అయినా అడిగారు కాబట్టి: ఈఎల్84 వాక్స్ ధోరణి, పైస్వరాలు మెరుస్తూ తొందరగా తెగుతుంది. 6వి6 ఫెండర్ చిన్న ఆంపుల్లో ఉంటుంది, మెత్తగా, గుండ్రంగా విరుగుతుంది, బ్లూస్‌కి నాకు ఇష్టం. ఈఎల్34 అంటే మార్షల్, మిడ్స్ (మధ్య స్వరాలు) ముందుకు దూకుతాయి. 6ఎల్6 చాలాసేపు క్లీన్‌గా నిలబడుతుంది, బాస్ బిగువుగా ఉంటుంది. ఫెండర్ ట్విన్‌లో ఇదే, అందుకే ట్విన్‌ని ఇంట్లో ఓవర్‌డ్రైవ్ చెయ్యడం అయ్యే పని కాదు.

అసలు మార్షల్ పుట్టుకే దీనికి మంచి ఉదాహరణ. 1962లో వచ్చిన జేటీఎం45 సర్క్యూట్ దాదాపు ఫెండర్ బాస్‌మన్‌దే. ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకర్లు, మూసి ఉన్న క్యాబినెట్టు మారేసరికి ఇంకో జాతి శబ్దం పుట్టింది. ఒక్క ట్యూబ్ వల్ల కాదది.

ఒకదాని స్థానంలో ఇంకొకటి గుచ్చే పని మాత్రం పెట్టుకోకండి. 6వి6 హీటర్ (ట్యూబ్‌ని లోపలినుంచి వేడి చేసే తీగ) 0.45 ఆంపియర్లు తీసుకుంటుంది, 6ఎల్6 0.9, ఈఎల్34 ఏకంగా 1.5. సాకెట్ ఒకటే కదా అని పెడితే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

మా బావ అమెరికా నుంచి వస్తూ ఆంప్ తెస్తానంటున్నాడు. అక్కడ చవక. తెప్పించుకోవచ్చా?

ఈ ప్రశ్న రాని నెల ఉండదు. తెప్పించుకోవచ్చు, కానీ మొహమాటపడకుండా బావగారి చేత ముందు వెనక ప్యానెల్ ఫోటో తీయించండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. ప్యానెల్ మీద 120 అని మాత్రమే ఉంటే రెండు దారులు. లోపలి పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి 230 వోల్టుల ట్యాపింగ్ (దానికోసం విడిగా బయటికి తీసిన తీగ) ఉంటే తెలిసిన టెక్నీషియన్ తీగ మార్చేస్తాడు. లేదంటే బయట స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి.

స్టెప్-డౌన్ వోల్టేజీనే మారుస్తుంది, 50 హెర్ట్జ్‌ని 60 చెయ్యదు. 60 కోసమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ని 50 మీద నడిపితే దాని ఇనుములో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) 20 శాతం పెరుగుతుంది, వేడెక్కుతుంది. 50/60 అని రాసి ఉంటే నిశ్చింత. 15 వాట్ల ఆంప్‌కి 300 వీఏ స్టెప్-డౌన్ ధారాళంగా సరిపోతుంది. కొనేటప్పుడు దానికి ఎర్త్ పిన్ ఉందా, ఆ ఎర్త్ అటు సాకెట్ దాకా నిజంగా చేరుతోందా మల్టీమీటరుతో చూసుకోండి. చవక రకాల్లో రంధ్రం ఉంటుంది, లోపల తీగ ఉండదు.

ఇక బరువు. బ్లూస్ జూనియర్ సుమారు 14 కిలోలు, ఏసీ15 దాదాపు 22. బావ తెచ్చే 23 కిలోల సూట్‌కేసులో మీ ఆంప్ ఎక్కితే అక్కయ్య సామానంతా దిగుతుంది. ఆ గొడవ మీరే తేల్చుకోండి. ట్యూబులు మాత్రం పీకి, ఏది ఏ సాకెట్‌దో రాసి, విడిగా చుట్టి పెట్టమనండి.

సెకండ్ హ్యాండ్ ఆంప్ చూడటానికి వెళ్తున్నాను. ఏమేం చూడాలి?

మీ గిటారు, మీ కేబులు, ఒక పెన్సిలు పట్టుకెళ్లండి. వాళ్లు ముందే ఆన్ చేసి వేడి చేసి ఉంచితే ఆపమని చెప్పి, చల్లారాక మొదలుపెట్టండి.

ఆఫ్‌లో ఉన్నప్పుడు ఫ్యూజు బయటికి తీసి చూడండి. మన దగ్గర ఫ్యూజు కొట్టేస్తే వెండి కాగితమో, రాగి తీగో చుట్టేసి నడిపించే మహానుభావులున్నారు. అలా కనబడితే బేరం ఆడకుండా లేచి రండి, ఆ ఫ్యూజు ఎందుకు పోయిందో ఎవరూ చూడలేదన్నమాట. తర్వాత ట్యూబుల తల వైపు చూడండి. లోపల అంటుకున్న వెండి పూత నల్లగా, అద్దంలా ఉంటే మంచిదే. తెల్లగా పాలిపోతే లోపలికి గాలి చొరబడింది, ఆ ట్యూబ్ పోయినట్టే.

ఆన్ చేశాక లైట్లు ఆర్పమనండి. పవర్ ట్యూబుల గాజు లోపల నీలం రంగు వెలుగు కనిపిస్తే భయం లేదు. లోపలి ప్లేటు ఎర్రగా కాలుతూ కనబడితే మాత్రం వెంటనే ఆపించండి. వాల్యూమ్ సగం పెట్టి, పెన్సిలు రబ్బరు వైపుతో ప్రీఆంప్ ట్యూబులని ఒక్కొక్కటిగా మెల్లగా తట్టండి. కాస్త టక్ టక్ వినిపించడం మామూలే. గణగణ మోగినా, ఈల వేసినా ఆ ట్యూబ్ మైక్రోఫోనిక్, అంటే కదలికల్ని మైకులా పట్టుకుంటోంది. అది చిన్న ఖర్చే, కానీ ధర తగ్గించమనడానికి పనికొస్తుంది. నాబులన్నీ తిప్పండి, కనీసం ఇరవై నిమిషాలు ఆపకుండా వాయించండి. వేడెక్కాక బయటపడే జబ్బులే ఖరీదైనవి.

గెయిన్ పెంచితే ఈగల గుంపులా జుయ్‌మంటోంది. ఆంప్ మార్చాలా?

ఆగండి. ముందు గెయిన్ (ప్రీఆంప్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో సర్దే నాబ్) సగానికి తగ్గించి, మిడ్స్ పెంచి, మాస్టర్ వీలైనంత పైకి తీసుకెళ్లండి. ఇంట్లో ఒంటరిగా వాయించేవాళ్లు మిడ్స్ తగ్గించి బాస్, ట్రెబుల్ పెంచుకుంటారు. చిన్న శబ్దంలో అది ఘనంగా అనిపిస్తుంది, కొంచెం పెంచగానే పైన జుయ్యి, కింద బురద.

బాస్ నాబ్ అన్ని ఆంపుల్లో ఒకే పని చెయ్యదు. ఫెండర్ తరహాలో టోన్ నాబులు మొదటి స్టేజీ దాటగానే వస్తాయి, ఆ తర్వాతే తెగడం జరుగుతుంది. అక్కడ బాస్ పెంచితే తెగే చోటికి బాస్ ఎక్కువ పోయి శబ్దం ఉబ్బిపోతుంది. అందుకే వాల్యూమ్ పెంచేకొద్దీ బాస్ 2 దాకా దించాలి. మార్షల్ తరహాలో టోన్ నాబులు ప్రీఆంప్ తెగిన తర్వాత వస్తాయి, బాస్ పెంచినా ఓవర్‌డ్రైవ్ బిగువు చెడదు.

ఇంకా సరిపోకపోతే ఆంప్‌కి ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్ (కాలితో నొక్కే ఓవర్‌డ్రైవ్ పెట్టె) ఒకటి పెట్టండి. డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ దాదాపు ఫుల్. ఇది 720 హెర్ట్జ్ చుట్టుపక్కల మిడ్స్‌ని నిలబెట్టి, కింది బాస్‌ని ఆంప్‌లోకి పోకముందే తగ్గిస్తుంది. తెగే పని ట్యూబులకే వదిలేస్తుంది. ఆంప్ విప్పడానికి వచ్చినవాళ్లలో సగం మంది ఈ దశలోనే వెనక్కి వెళ్లిపోతారు.

స్పీకర్ మారిస్తే అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. ఆంప్ లోపల సోల్డరింగ్ పెట్టకుండా చేసే మార్పుల్లో ఖర్చుకి తగ్గ ఫలితం దీనంతగా ఇంకెందులోనూ రాదు. ఓవర్‌డ్రైవ్‌లో పుట్టే కీచుదనాన్ని కోసి బయటికి పంపేది స్పీకరే, సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన అది వేగంగా పడిపోతుంది. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ 25 వాట్లది, సెన్సిటివిటీ (ఒక్క వాటుకి వచ్చే శబ్దం) 98 డెసిబెల్స్, మిడ్స్ గరగరలాడుతూ త్వరగా విరుగుతుంది. వింటేజ్ 30 అయితే 60 వాట్లు, 100 డెసిబెల్స్, పై మిడ్స్ పొడుచుకొస్తాయి. ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి ఆ రెండు డెసిబెల్స్ తక్కువ ఉన్నదే మేలు.

ఓమ్స్ సరిపోవాలి: 8 ఓమ్ జాక్‌కి 8 ఓమ్ స్పీకర్. వాట్లు ఆంప్ కన్నా గణనీయంగా ఎక్కువ ఉండాలి, ఎందుకంటే పూర్తిగా తెగినప్పుడు 15 వాట్ల ఆంప్ 15తో ఆగదు.

స్పీకర్ తీసేసి ఆంప్ ఆన్ చెయ్యొచ్చా?

వద్దు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగదన్ని ట్రాన్స్‌ఫార్మరో, ట్యూబ్ సాకెట్టో కాలుతుంది.

అటెన్యుయేటర్ పెడితే మొత్తం సమస్య తీరిపోదా?

కొంత తీరుతుంది. ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య కూర్చుని పవర్‌ని వేడిగా మార్చేస్తుంది. 6 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించేదాకా బాగుంటుంది. అంతకు మించితే స్పీకర్ కదలిక పోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. రియాక్టివ్ లోడ్ (స్పీకర్ తీరుని అనుకరించే భాగం) ఉన్నది కొనండి, వట్టి రెసిస్టర్లున్నది స్పీకర్‌లా ప్రవర్తించదు. పవర్ ట్యూబులు ఫుల్ మీదే నడుస్తుంటాయి కాబట్టి త్వరగా అరుగుతాయి.

ప్రీఆంప్ ట్యూబ్ మార్చి గెయిన్ సర్దుకోవచ్చా?

నిక్షేపంగా. ఇన్‌పుట్ జాక్‌కి దగ్గరగా ఉన్న మొదటి ట్యూబ్ స్థానంలో ప్రయత్నించండి. 12ఏఎక్స్7 ఫ్యాక్టర్ (సిగ్నల్‌ని పెంచే గరిష్ఠ సామర్థ్యం) 100, 5751ది 70, 12ఏవై7ది 45 లోపు, 12ఏయూ7ది 20 లోపు. పిన్నులన్నీ ఒకటే, ప్రమాదం లేదు. ఎక్కువ గెయిన్ ఆంపుల్లో 5751 పెడితే వాల్యూమ్ నాబ్ మీద అదుపు పెరుగుతుంది, గిటారు వాల్యూమ్ తగ్గించినప్పుడు శుభ్రంగా క్లీన్ అవుతుంది. 12ఏటి7 ఫ్యాక్టర్ 60, కానీ అది వేరే కరెంటు కోసం చేసిన ట్యూబ్, మొదటి స్థానంలో బిగుసుకుపోయినట్టు వినిపిస్తుంది. ఒకే రకం 12ఏఎక్స్7ని పది కంపెనీల నుంచి కొని పోల్చే సరదాకి మాత్రం అంతు లేదు, ఆ డబ్బుతో స్పీకరొస్తుంది.

పవర్ ట్యూబులు మారిస్తే బయాస్ తప్పనిసరా?

బయాస్ అంటే సిగ్నల్ లేనప్పుడు ట్యూబ్‌లో ఎంత కరెంటు పారాలో సర్దడం. వాక్స్ ఏసీ15 లాంటి కాథోడ్ బయాస్ ఆంపుల్లో అది తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి అక్కర్లేదు, జత కలిసిన ట్యూబులు పెడితే చాలు. ఫిక్స్‌డ్ బయాస్ ఆంపుల్లో చూసి తీరాలి. లెక్క ఇది: ఈఎల్34 ప్లేటు తట్టుకునేది 25 వాట్లు, అందులో 70 శాతం 17.5. ప్లేటు వోల్టేజీ 450 ఉంటే 17.5ని 450తో భాగించండి, సుమారు 39 మిల్లీఆంపియర్లు. కాథోడ్ (ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు బయలుదేరే భాగం) దగ్గర 1 ఓమ్ రెసిస్టర్ ఉంటే మీటరులో 39 మిల్లీవోల్టులు కనబడతాయి. స్క్రీన్ (ట్యూబ్‌లోని ఇంకో గ్రిడ్) కరెంటు కూడా ఇందులో కలుస్తుంది కాబట్టి అసలు ప్లేటు కరెంటు కొంచెం తక్కువే. 70 శాతం గరిష్ఠ హద్దు మాత్రమే. 60 దగ్గర బాగుంటే అక్కడే ఆపండి, ట్యూబులు ఎక్కువ కాలం వస్తాయి.

లోపల సోల్డరింగ్‌తో చేసే మార్పుల్లో చెయ్యదగ్గవి ఏవి?

మొదటిది, పైస్వరాలని పెంచే బ్రైట్ కెపాసిటర్. పాత మార్షల్ తరహా ఆంపుల్లో వాల్యూమ్ నాబ్ మీద 4700 లేదా 5000 పికోఫారడ్‌ది ఉంటుంది. వాల్యూమ్ తక్కువలో చెవులు కోసేది అదే. ఒక కాలు ఊడదీస్తే సరి, లేదా 100 నుంచి 500 మధ్య పెట్టండి.

రెండోది, మొదటి ట్యూబ్ కాథోడ్ కెపాసిటర్. ఫెండర్ 25 మైక్రోఫారడ్ పెడుతుంది, బాస్ అంతా పెరుగుతుంది. మార్షల్ లీడ్ ఆంపుల్లో 0.68 ఉంటుంది, మిడ్స్ పైనుంచే పెంచుతుంది. బురదగా ఉన్న ఆంప్‌లో 25 తీసి 0.68 లేదా 1 పెట్టి చూడండి. పాతిక రూపాయల సామానుతో ఇంత తేడా వచ్చే మార్పు ఇంకోటి లేదు.

ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి సిగ్నల్ పంపే కప్లింగ్ కెపాసిటర్ల గురించి చెప్పుకునేదాంట్లో సగం అతిశయోక్తి. తర్వాతి స్టేజీలో 1 మెగోమ్ ఉంటే 0.1 మైక్రోఫారడ్ 1.6 హెర్ట్జ్ నుంచి, 0.022 అయితే 7 హెర్ట్జ్ నుంచి పంపిస్తుంది. గిటారు మంద్ర తీగ 82 హెర్ట్జ్, కాబట్టి బాస్ తగ్గేది లేదు. తేడా ఎక్కడొస్తుందంటే గట్టిగా తెగినప్పుడు పెద్ద కెపాసిటర్ చార్జ్ పట్టుకుని ఆలస్యంగా వదులుతుంది, నోట్ నత్తినత్తిగా పలుకుతుంది. మీ ఆంప్‌కి ఆ జబ్బుంటేనే 0.022కి మార్చండి.

ఆంప్ సొంతంగా విప్పడం ప్రమాదమా?

అవును. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో (డీసీని నిలకడగా ఉంచేవాటిలో) 300 నుంచి 500 వోల్టులు నిలిచి ఉండొచ్చు. 100 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌కి మొసలి క్లిప్పులు, బాగా ఇన్సులేషన్ ఉన్న తీగ కట్టండి. ఒక క్లిప్పు చాసిస్‌కి (ఆంప్ లోపలి లోహపు పెట్టెకి), ఇంకోటి కెపాసిటర్ ప్లస్‌కి. మొత్తం 100 మైక్రోఫారడ్ ఉంటే దాదాపు నిమిషంలో 450 వోల్టులు 5 వోల్టుల లోపుకి దిగుతాయి. తర్వాత మీటరుతో చూడకుండా వేలు పెట్టొద్దు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే మొరటు పద్ధతి వద్దే వద్దు. ఎలక్ట్రానిక్స్‌తో అసలు పరిచయం లేకపోతే టెక్నీషియన్‌కి ఇవ్వండి, ఇందులో చిన్నతనమేమీ లేదు.

అద్దె ఇంట్లో గోడ సాకెట్ ఎర్త్ కూడా చూసుకోండి. ఫేజ్ నుంచి ఎర్త్‌కి 230 దగ్గర రావాలి. రాకపోతే ఓనరు చేత బాగు చేయించేదాకా ఆ సాకెట్ వాడొద్దు.

బెంగళూరులో సామాను ఎక్కడ దొరుకుతుంది?

రెసిస్టర్లు, కెపాసిటర్లు, సోల్డరింగ్ సామాను ఎస్పీ రోడ్డులో. కెపాసిటర్ అడిగేటప్పుడు విలువతో పాటు వోల్టేజీ గట్టిగా చెప్పండి, కప్లింగ్‌కి 630 వోల్టులవి. ‘ఇదీ అదే సార్’ అంటూ 63 వోల్టులది చేతిలో పెట్టేవాళ్లుంటారు. కొత్త ట్యూబులు ఎక్కువగా స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తాయి, గిటారు షాపుల్లో లేదా ఆన్‌లైన్‌లో తీసుకోండి.

విచిత్రం ఏమిటంటే ఒకప్పుడు ట్యూబులు ఈ ఊళ్లోనే తయారయ్యేవి. జాలహళ్లిలో 1954లో మొదలైన బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్), 1961 నుంచి రేడియో వాల్వులు చేసింది. బీఈఎల్ ముద్ర ఉన్న ఈఎల్84లు ఇప్పటికీ పాత స్టాకులో అప్పుడప్పుడు బయటపడతాయి. తాతగారి వాల్వు రేడియో ఇంట్లో మూలన ఉంటే పాత సామాన్లవాడికి వేసేముందు ఒకసారి వెనక మూత తీసి చూడండి.

మార్పులు చేసిన ఆంప్ తర్వాత అమ్ముడుపోతుందా?

పోతుంది, ధర తగ్గుతుంది. పెద్ద కంపెనీ ఆంపుల్లో చాసిస్‌కి కొత్త రంధ్రాలు వెయ్యకండి, ప్రింటెడ్ బోర్డు మీద రాగి పొర లేచిపోయేంత వేడి పెట్టకండి. తీసిన ప్రతి భాగాన్నీ చిన్న జిప్ కవర్లో వేసి, ఏ చోటిదో చీటీ రాసి, క్యాబినెట్ అడుగున టేపు వేసి అతికించండి. కొనేవాడు అడిగేది ఆ కవరే.